తిరుగుదారిలో తలకట్లు

మాస్టారు పోయారని చెప్పడానికి ఆటోనగర్ నుంచి ఆయన శిష్యుడు మా షాపుకి వచ్చేసరికి, నేను ఒక శుభలేఖలో పెళ్ళికొడుకు తాతగారి పేరు మారుస్తున్నాను. ఈ శిష్యుడిది లారీ స్పేర్ పార్టుల వ్యాపారం. సుత్తుల చప్పుడు మధ్య మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదైపోయింది. ఆ గొంతుని వీలైనంత తగ్గించి, "చెల్లెమ్మా, మాస్టారు మొన్న వెళ్ళిపోయారు. ఊరి నుంచి వాళ్ళవాళ్ళు వచ్చి బందరు తీసుకెళ్ళారు. అంతా నిన్నే అయిపోయింది. నీకు కబురు పెట్టే తీరిక లేకపోయింది" అన్నాడు.

నాకు చెప్పకుండానా అని కోపం వచ్చింది. దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక మౌస్‌ని పక్కకి నెట్టాను. అతన్ని కూర్చోమన్నాను. తెర మీద తాతగారి పేరు సగంలో ఆగిపోయి ఉంది.

మాస్టారు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన ముఖం కాదు, కుడిచేతి వేళ్ళు. మా షాపు మెట్టు ఎక్కగానే ఆ వేళ్ళ కొసలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేవారు. ఆ తరవాతే లోపలికి అడుగు. కాగితం తీసే ముందు మళ్ళీ చూసుకునేవారు. మొదట్లో నస్యం అలవాటేమో అనుకున్నాను. నస్యం పీల్చేవాళ్ళంటే నాకు భయం, కీబోర్డు మీద తుమ్ముతారని. అందుకని ఆయనకి కుర్చీ కాస్త దూరంగా వేసేదాన్ని. ఆయన దాన్ని చప్పుడు చేసుకుంటూ లాక్కుని నా పక్కనే వచ్చి కూర్చునేవారు.

ఆయన మొదటిసారి వచ్చింది తొంభైల్లో, పటమటలో నేను ఈ డీటీపీ షాపు పెట్టిన కొత్తలో. అప్పుడే హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పుట్టింది బందరు దాటాక సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో. వారపత్రికకి పంపాలని ఒక కథ రాసి తీసుకొచ్చారు. నా దగ్గరికి వచ్చే రచయితల దస్తూరీ గురించి చెప్పుకోకపోవడమే మంచిది. అర్జీలు రాసే ప్లీడరు గుమాస్తాలు నయం. ఒక కవిగారు తను రాసింది తనే చదవలేక, "మీకేం అనిపిస్తే అది కొట్టేయండి" అని వెళ్ళిపోయారు. అలాంటి రోజుల్లో మాస్టారి కాగితాలు చూస్తే ప్రాణం లేచొచ్చింది. గుండ్రని అక్షరాలు, మధ్య మధ్య చక్కని ఎడం, ఎక్కడా కొట్టివేత లేదు.

ఆ అక్షరాలు ఎలా పుడతాయో మాత్రం ప్రూఫులు దిద్దడానికి కూర్చున్న రోజున చూశాను. ఒక వాక్యం కొత్తగా కలపాలని ఆయన తెల్లకాగితం తీసుకున్నారు. పక్కనించి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. లైను నిండా బోడి అక్షరాలు. తలకట్టు లేదు, గుడి లేదు, ఏత్వం లేదు.

"మాస్టారూ, ఇది తెలుగేనా?" అన్నాను.

"తెలుగేనమ్మాయ్. ఇంకా బెండ్లు కట్టలా."

"బెండ్లేంటండీ?"

వల నీళ్ళలో నిలబడాలంటే పై తాడుకి బెండు ముక్కలు కడతారట, అవి తేలుతూ వలని పట్టుకుని ఉంటాయి. వాళ్ళ తాత ఒడ్డున కూర్చుని వల అల్లుతుంటే చిన్నప్పుడు ఈయన పక్కనే ఇసకలో అక్షరాలు దిద్దేవారట. వల మొత్తం అల్లడం అయ్యాక బెండ్లు కట్టే పని మాత్రం తాత ఈయనకి ఇచ్చేవాడు. దాంతో ఏ పనికైనా పైన కట్టేవి ఆఖర్నే కట్టాలని ఆ బుర్రలో పడిపోయింది. అక్షరం వెంట అక్షరం లైనంతా అల్లేసి, కింది వత్తులు అప్పుడే ఇచ్చేసి, పైన ఉండేవన్నీ చివర్లో పెట్టేవారు. బడిలో అయ్యవారు బెత్తం విరిగేలా కొట్టినా ఇది మారలేదట.

"లెక్కల మాస్టారు అయ్యుండి ఇంత అడ్డదిడ్డంగా రాస్తారేంటండీ" అన్నాను.

"నువ్వు గోడకి సున్నం కొట్టాక పటాలు తగిలిస్తావా, పటాలు తగిలించి సున్నం కొడతావా?" అన్నారు. ఆయనకి జవాబు రాని ప్రశ్న వెయ్యాలని చాలాకాలం ప్రయత్నించాను.

రాసిందాన్ని పేజీల్లో చెప్పడం కూడా ఆయనకి రాదు. కాగితాలన్నీ మా బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి అంచులు కలిపి పేర్చి, రెండు చేతులూ బార్లా చాపి కొలిచేవారు. "ఈ వారం రెండు బారలు అయిందమ్మా" అనేవారు. జెరాక్సులకి వచ్చినవాళ్ళు బల్ల మీద చోటు లేక గుమ్మంలో నిలబడేవారు. నేను విసుక్కునేదాన్ని. ఆయన తొణికేవారు కాదు. "తొందరేముందమ్మా, నీళ్ళెక్కడికీ పోవు" అనేవారు. కరెంటు పోయినా అదే మాట, ప్రింటరు కాగితం మింగినా అదే మాట. ఒకసారి నా పెళ్ళి సంబంధం తప్పిపోయిన మర్నాడు కూడా అదే మాట అన్నారు. ఆ రోజు మాత్రం నిజంగానే ఊరట కలిగింది.

వేళ్ళ సంగతి నాకు పటమట రైతుబజారు పక్కన తెలిసింది. ఆదివారం పొద్దున కూరలకి వెళ్ళాను. చేపలు అమ్మే వరసలో మాస్టారు కూర్చుని, రెండు వేళ్ళతో చేప మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూస్తున్నారు. అమ్మే మనిషి బేరానికి బదులు ఆయనతో కబుర్లు చెబుతోంది. ఆయన తలెత్తి నన్ను చూశారు. చూడగానే ఆ చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నారు. అరవై దాటిన మనిషి, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా ఉన్నారు.

మర్నాడు షాపుకి వచ్చి, అడక్కుండానే చెప్పారు. "మీ ఇంట్లో తినరు కదమ్మా. అందుకని నీ దగ్గరికి వచ్చే ముందు బాగా కడుక్కుంటాను."

"ఎవరడిగారండీ మిమ్మల్ని?"

"ఎవరూ అడగలా. మా అమ్మ చేసిన అలవాటు."

వాళ్ళమ్మ పొద్దుటి పాసింజర్లో చేపల గంపతో బెజవాడ వచ్చేది. పెట్టెలో ఎవరూ పక్కన కూర్చోనివ్వరు కాబట్టి తలుపు దగ్గర కిందే కూర్చునేది. గంప లోంచి నీళ్ళు కారి ఎవరి చెప్పులకైనా తగిలితే తిట్లు. ఆ గంప మీదే ఈయన చదువు నడిచింది. బడికి పంపే ముందు మాత్రం చింతాకు నలిపి ఈయన చేతులు మంట పుట్టేదాకా తోమేది. తోమి తన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇంక పో. పలకకి అంటుద్దిరా" అనేది.

"ఆమె చూసేది. ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను" అన్నారు మాస్టారు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు దాంతోపాటు కోపం కూడా వస్తుంది. "నా కీబోర్డుకి ముక్కు లేదు లెండి. చేతులు కడుక్కోకుండానే రండి" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. అలవాటు మాత్రం మానలేదు.

ఆ అమ్మ గురించే ఆయన నవల మొదలుపెట్టారు. అప్పటికి చిన్న కథలు చాలా రాశారు, కొన్ని పత్రికల్లో వచ్చాయి, కొన్ని తిరిగొచ్చాయి. దేనికీ పెద్దగా పట్టించుకోలేదు. ఈ నవల సంగతి వేరు. "ఇదొక్కటీ అయితే చాలమ్మాయ్. మిగతావన్నీ దీనికోసం చెయ్యి తిప్పుకోవడమే" అన్నారు. రైల్లో తలుపు దగ్గర కూర్చున్న మనిషిని పుస్తకంలో మధ్య సీట్లో కూర్చోబెట్టాలని ఆయన కోరిక. ఇలా నాతో అనలేదు, కానీ ఆయన తెచ్చిన ప్రతి కాగితంలోనూ ఆ కోరిక కనిపించేది.

సగం దాటిందో లేదో, చెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు దగ్గర చూశాను. తరవాత కాగితాల్లో చూశాను. నరాల డాక్టరు మందులిచ్చి, ఇది తగ్గేది కాదు, నెమ్మదిగా పెరిగేది అని చెప్పేశాడట. బోడి అక్షరాల వరకు ఎలాగో వచ్చేవి. పైన పెట్టేవే అదుపు తప్పేవి. ఒక అక్షరం మీద పడాల్సిన గుడి పక్క అక్షరం మీద పడేది, తలకట్టు రెండు అక్షరాల మధ్య గాల్లో ఉండిపోయేది. ఎవరి దస్తూరీ అయినా చదవగలనని విర్రవీగేదాన్ని, ఆయన కాగితం ముందు పెట్టుకుని ఒక పేరాకి పూటంతా కూర్చునేదాన్ని. ఆయన పక్కన ఉంటే అడిగేదాన్ని. తను రాసిన మాట తనకే తెలియక ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంటే, ఇంక అడగబుద్ధి అయ్యేది కాదు.

"ఇలా కాదు మాస్టారూ. మీరు నోటితో చెప్పండి, నేను కొట్టుకుంటూ పోతాను" అన్నాను ఒకరోజు. నాకది చాలా తేలిక ఉపాయంలా తోచింది.

ఒప్పుకున్నారు. కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకుని, "అప్పుడు అమ్మ రైలు దిగింది" అన్నారు. కొట్టాను. "దిగి ఏం చేసింది?" అన్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయనా నా వైపు చూస్తున్నారు, వెనక బెంచీ నుంచి జవాబు రావాలన్నట్టు. ఇద్దరం నవ్వుకుని మళ్ళీ మొదలుపెట్టాం. ఎంత ప్రయత్నించినా నోటి వెంట వచ్చిన ప్రతి మాటా పాఠమే అయింది. అమ్మ వచ్చింది, అమ్మ వెళ్ళింది, కాబట్టి, అందువలన. ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డ గొంతు మరి.

"నోటికి తిరుగుదారి లేదమ్మా" అన్నారు చివరికి. "వల అల్లుకుంటా పోయేప్పుడు చిల్లు కనపడదు. బెండ్లు కట్టుకుంటా తిరిగొచ్చేప్పుడు కనపడుద్ది. మాట బయటికి పోతే ఇంక పోయినట్టే. తిరిగొచ్చేదెట్టా?"

నాకు సరిగా అర్థం కాలేదు. మొండితనం అనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన కాగితాలు సంచిలో పెట్టుకుని, బారలు కొలవకుండానే వెళ్ళిపోయారు. ఆ నడక చూస్తే నవల మానేస్తారేమోనని భయం వేసింది. నిజంగానే చాలా రోజులు రాలేదు.

మళ్ళీ వచ్చేసరికి వెంట ఈ ఆటోనగర్ శిష్యుడున్నాడు. చేతిలో ఒక పెట్టె. సింగపూర్ వెళ్ళిన స్నేహితుడి చేత తెప్పించాడట. కంప్యూటరు పెన్ను. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది, సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చేశాయి, కానీ ఇలాంటి పెన్ను మా బెజవాడలో నేను చూడలేదు. ముల్లు పక్కనే చిన్న కెమెరా. దానికి వేరే కాగితం, దాని మీద కంటికి ఆననంత సన్నటి చుక్కలు. ఆ కాగితం మీద రాసి, పెన్నుని దాని స్టాండులో నిలబెడితే రాసిందంతా కంప్యూటర్లోకి వెళ్ళిపోతుంది.

"రాస్తే చాలు మాస్టారూ. అచ్చు అక్షరాలు వాటంతటవే పడిపోతాయంట" అన్నాడు శిష్యుడు. నా వైపు తిరిగి, "నీకూ శ్రమ తగ్గుద్ది చెల్లెమ్మా" అన్నాడు. నా పొట్ట కొట్టడానికి వచ్చి నా కుర్చీలోనే కూర్చున్న మనిషిని చూసి ఏమనాలి. మంచినీళ్ళు ఇచ్చాను.

మాస్టారు ఆ పెన్నుని అటూ ఇటూ తిప్పి చూశారు. చాలా లావుగా ఉంది. "ఇది పెన్నా, టార్చిలైటా?" అన్నారు. వేళ్ళు వాసన చూసుకుని, చుక్కల కాగితం మీద ఒక లైను రాశారు. శిష్యుడు పెన్నుని స్టాండులో పెట్టాడు. లైను తెర మీదకి వచ్చింది, అచ్చం ఆయన దస్తూరీయే, వణుకుతో సహా. ఇంక దాన్ని అచ్చు అక్షరాలుగా మార్చాలి. ఏ భాష అని అడిగింది. ఇంగ్లీషు ఉంది, ఇంకా ఎవరెవరివో భాషలు ఉన్నాయి. తెలుగు లేదు.

"తెలుగెందుకు లేదు?" అన్నాడు శిష్యుడు, నేనేదో తీసి దాచినట్టు.

"ఇంగ్లీషే నొక్కి చూడండి" అన్నాను.

నొక్కాడు. ఒక ఎనభై, రెండు బ్రాకెట్లు, గూస్ అని ఒక మాట, మళ్ళీ ఎనభై, మళ్ళీ గూస్ వచ్చాయి.

మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని తీరిగ్గా చదివారు. "గూస్ అంటే బాతు కదమ్మా. మా అమ్మ జన్మలో బాతులు అమ్మలేదే" అన్నారు.

నాకు లోపల ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. శిష్యుడి ముఖం చూశాక ఆ సంతోషం నిలవలేదు. పాపం, ఎంత ఆశతో తెచ్చాడో. ఏం చెయ్యాలో తోచక అతను కనబడ్డ మీటలన్నీ నొక్కుతున్నాడు. అలా నొక్కుతుంటే ఒక దగ్గర తెర మీది లైను మాయమై, కాగితం తెల్లగా అయిపోయింది. పోయిందిరా దేవుడా అనుకున్నాం. అంతలో ఎడమ పక్కన ఒక గీత మొదలైంది. ఎవరూ ముట్టుకోకుండా, ఒక్కొక్క అక్షరమే, మాస్టారు రాసిన వేగంతోనే, ఆయన ఆగిన చోట ఆగుతూ, రాసింది రాసినట్టు మళ్ళీ రాసుకుంటోంది.

బోడి అక్షరాలు లైను చివరిదాకా వెళ్ళాయి. ఆగాయి. అప్పుడు తలకట్లు మొదలయ్యాయి, కుడి చివర నుంచి. నేను కుర్చీలో ముందుకి జరిగాను. ఇన్నేళ్ళూ ఆయన మళ్ళీ లైను మొదటికి వచ్చి పైన పెట్టుకుంటూ వస్తారనుకున్నాను. కాదు. వెళ్ళిన దారినే వెనక్కి నడుస్తూ, చివరి అక్షరం నుంచి మొదటి అక్షరానికి కట్టుకుంటూ వస్తున్నారు. తిరుగుదారి అంటే ఇదన్నమాట. ఏ గీత దేని తరవాత పడిందో కనబడుతుంటే, అది వణికి ఎంత పక్కకి పడినా ఏ అక్షరానిదో ఇట్టే తెలిసిపోతోంది.

"మాస్టారూ, నాకు అర్థమవుతోంది" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. "ఒక్క అక్షరం కూడా తడుముకోవక్కర్లేదు. మీరు రాయండి. దీని మీదే రాయండి."

ఆయన నా మాట వినలేదు. తెరనే చూస్తున్నారు. రాసేటప్పుడు ఆయన కళ్ళు మాట మీద ఉంటాయి, చేతి మీద ఉండవు. తన చెయ్యి ఎలా కదులుతోందో ఆయన అదే మొదటిసారి చూడటం. ప్రతి గీతా పుడుతూనే వణుకుతోంది.

"నా చెయ్యి ఇట్టా ఉందా" అన్నారు మెల్లిగా.

శిష్యుడు తల వంచేసుకున్నాడు. అబద్ధం చెప్పడం నాకు రాదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. "చెయ్యి వణికితే వణికింది. దారి తప్పలేదు కదండీ" అన్నాను. ఆయన చుక్కల కాగితాల కట్ట దగ్గరికి లాక్కుని, "ఎన్ని బారలు వస్తాయంటావు ఈ కట్టకి?" అన్నారు. ఆ ప్రశ్న వినడానికి నేను ఎంత ఎదురుచూశానో అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి అదొక పద్ధతి అయిపోయింది. ఆయన ఇంట్లో రాసుకుని, జేబులో లావుపాటి పెన్నుతో వచ్చేవారు. చొక్కా జేబు ఆ బరువుకి కిందికి జారేది. పెన్నుని స్టాండులో నిలబెట్టి పక్కన కూర్చునేవారు. నేను రాతని నడిపించి చూస్తూ టైపు చేసేదాన్ని. అచ్చు అక్షరాలు చెయ్యాల్సిన పెన్ను ఆ పని ఎన్నడూ చెయ్యలేదు. ఆయన చేతిని తెచ్చి నా ముందు పెట్టింది, మిగతాది నా పని.

ఒక్కటే చిక్కు. రాతతోపాటు ఆయన ఆలోచించుకున్న సేపు కూడా అందులో ఉండేది. వాక్యం మధ్యలో తెర బిగుసుకుపోయినట్టు నిలబడిపోయేది. ఆయన ఎటు చూస్తూ కూర్చున్నారో, టీ తాగారో, వేళ్ళు వాసన చూసుకున్నారో. నాకేమో బయట శుభలేఖలవాళ్ళు, ప్రశ్నపత్రాలవాళ్ళు. తెర కింద రాతతోపాటు జరిగే గుండీని పట్టుకుని ముందుకి జరిపేసేదాన్ని. ఒకరోజు అలా జరుపుతుంటే మాస్టారు నా చెయ్యి మీద మెల్లిగా తట్టారు.

"అక్కడ నేనున్నానమ్మాయ్. దాటిపోయావు."

"అక్కడేం లేదండీ, ఖాళీ."

"ఖాళీ కాదు. కూర్చునున్నాను."

"మీరు కూర్చుంటే కూర్చోండి. నాకు పెళ్ళిళ్ళ సీజను" అన్నాను. ఆయన నవ్వి, "కానీ, కానీ. నీళ్ళెక్కడికీ పోవు" అన్నారు.

నవల అయింది. ఆఖరి పేజీ పెన్నులో తెచ్చిన రోజున ఆయన పక్కన కూర్చోలేదు. పెన్ను స్టాండులో పెట్టి, "నువ్వు చూసుకో" అని గుమ్మం బయట నిలబడ్డారు, రోడ్డు మీద వెళ్ళే బస్సుల్ని చూస్తూ. నేను గబగబా టైపు చేసి, చివరి చుక్క పెట్టి, "అయిపోయింది మాస్టారూ" అని కేకేశాను. ఆయన లోపలికి వచ్చి బల్ల మీద రెండు చేతులూ చాపారు. కొలవడానికి కాగితాలేమీ లేవు, ఊరికే చాపారు.

పుస్తకం శిష్యులే అచ్చు వేయించారు. సభా గిభా వద్దన్నారు. మొదటి ప్రతి నా షాపులోనే చేతికిచ్చాం. ఆయన మామూలుగా వేళ్ళు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళారు. తరవాత ఎందుకో పుస్తకాన్నే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. ఒక పేజీ తెరిచి, వణుకుతున్న గోటిని ఒక లైను మీద కుడి నుంచి ఎడమకి నడిపించి, "అన్నీ గట్టిగానే కట్టావు" అన్నారు. నా పనిని ఎంతోమంది మెచ్చుకున్నారు గానీ, అలా ఇంకెవరూ మెచ్చుకోలేదు. ఆ తరవాత ఆయన ఏమీ రాయలేదు. అప్పుడప్పుడూ వచ్చి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని వెళ్ళేవారు. కొన్నాళ్ళకి అదీ తగ్గింది.

ఇప్పుడు ఆ కుర్చీలో శిష్యుడు కూర్చున్నాడు. ఇచ్చిన మంచినీళ్ళు తాగలేదు.

"మాస్టారి దస్తూరీ ఏమన్నా ఉందా చెల్లెమ్మా నీ దగ్గర? పటానికి పక్కన పెట్టుకుందామని" అన్నాడు.

"దస్తూరీ ఏంటండీ, చెయ్యే ఉంది" అన్నాను.

శుభలేఖ మూసేశాను. మాస్టారి ఫోల్డరు ఎక్కడుందో వెతకాల్సిన పని లేదు. సిస్టం మార్చినప్పుడల్లా ముందు దాన్నే ఎక్కించుకుంటాను. ఆఖరి పేజీ తెరిచి నడిపించాను. తెల్ల కాగితం మీద ఎడమ పక్కన గీత మొదలైంది. శిష్యుడు కుర్చీలో నిటారుగా అయ్యాడు, తరగతిలోకి మాస్టారు వచ్చినట్టు. లైన్లు ఒక్కొక్కటే వెళుతున్నాయి, తిరిగొస్తున్నాయి. నేను గుండీని ముట్టుకోలేదు. ఎక్కడ ఆగితే అక్కడ మేమూ ఆగాం.

నవల చివర అమ్మ చేపలన్నీ అమ్ముకుని సాయంత్రం పాసింజర్లో ఇంటికి తిరిగొస్తుంది. ఆఖరి వాక్యం ఒక్కటే విడిగా ఒక లైనులో ఉంటుంది. అమ్మ గంప దించింది. అంతే. ఆ బోడి అక్షరాలు వచ్చాయి. వచ్చి, చివరి అక్షరం దగ్గర ఆగిపోయాయి.

తెర కదల్లేదు. బయట ఆటోవాడు ఎవరితోనో పోట్లాడుతున్నాడు, వాడూ వెళ్ళిపోయాడు. ఇంకా కదల్లేదు. ఆ రోజు గబగబా టైపు చేసినప్పుడు నేను దీన్ని జరిపేసి ఉంటాను. ఇంత పొడుగు ఖాళీ అక్కడ ఉందని నాకు తెలియనే తెలియదు.

"ఆగిపోయినట్టుంది చెల్లెమ్మా" అని శిష్యుడు మౌస్ మీదకి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి" అన్నాను. "అక్కడ మాస్టారున్నారు."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరం కూర్చున్నాం. నాకు కళ్ళు మసకబారాయి, తుడుచుకుంటే ఆ సేపట్లో ఏమన్నా తప్పిపోతుందేమోనని తుడుచుకోలేదు. అప్పుడు కుడి చివర చిన్న గీత వణుకుతూ లేచింది. దించింది అన్న మాటకి గుడులు పడ్డాయి, వెనక నుంచి ముందుకి. గంప మీదకి వచ్చి ప మీద తలకట్టు, గ మీద తలకట్టు. ఆపైన ఇంకొంచెం ఎడమకి జరిగి, ఆ చెయ్యి రాసిన మొత్తం పుస్తకంలో ఆఖరి గీత అమ్మ అన్న మాట మీద పెట్టింది.

గుండీ చివరికి చేరి ఆగింది. శిష్యుడు అప్పుడు మంచినీళ్ళు తాగాడు.